మాత్రలో ఉన్నదంతా ఒంటికి పడుతున్నదా?

ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ప్రభుత్వ చికిత్సలో వారానికి మూడుసార్ల పద్ధతి పోయి, 2017 నుంచి ప్రతిదినం మందు మింగించే పద్ధతి వచ్చింది. తొలి రెండు నెలలు నాలుగు మందులను ఒకే మాత్రలో కలిపి ఇస్తారు. గుప్పెడు మాత్రలు మింగే బాధ తప్పినందుకు సంతోషించవలసిందే. కానీ ఆ మాత్రలోని 150 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్‌లో రక్తంలోకి చేరేది ఎంత?

మింగిన మాత్ర ముందు కరగాలి. కరిగిన మందు పేగుల గోడను దాటి, కాలేయం వడపోత తర్వాత మిగిలినంతే శరీరానికి అందుతుంది. వైద్యులు దీనినే జీవలభ్యత అంటారు. రిఫాంపిసిన్ సులభంగా కరిగే పదార్థం కాదు. దాని స్ఫటిక రూపం, రేణువుల పరిమాణం మారితే రక్తంలో చేరే మోతాదూ మారవచ్చు. పైగా జీర్ణాశయంలోని ఆమ్లంలో, తోడుగా ఉన్న ఐసోనియాజిడ్ వల్ల అది మరింత త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఒకే మాత్రలోని మందులు ఒకదానికొకటి చేటు చేయడం విడ్డూరమే! అందుకే, జీవలభ్యత రుజువైన మిశ్రమ మాత్రలనే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ క్షయ నివారణ సమాఖ్య 1994లోనే సంయుక్తంగా కోరాయి.

ఈ మందును భోజనానికి గంట ముందో, రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. అన్నంతో పాటు తీసుకుంటే రక్తంలోకి చేరేది తగ్గుతుంది; అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉన్న యాంటాసిడ్‌తోనూ అంతే. వికారానికి భయపడి అన్నం తిన్న వెంటనే మాత్ర వేసుకునే రోగిని తప్పుపట్టి లాభం లేదు. చెప్పవలసింది మందు ఇచ్చే చేయి.

తయారీదారుల సంగతి వేరు. నీటిలో సరిగా కరగని మందులకు, అవి ఎంత పాతవైనా, మూల ఔషధంతో సమానంగా రక్తంలో చేరుతున్నాయని నిరూపించే పరీక్ష జరిపిన తర్వాతనే లైసెన్సు ఇవ్వాలని కేంద్రం 2017 ఏప్రిల్‌లో నిబంధన తెచ్చింది. అంతకు ముందు, కొత్త మందుగా ఆమోదం పొంది నాలుగేళ్లు గడిస్తే చాలు, ఈ పరీక్ష లేకుండానే రాష్ట్రాలు లైసెన్సు ఇవ్వగలిగేవి. ఆ కాలపు లైసెన్సులతో అమ్ముడవుతున్న మాత్రల మాటేమిటి? మోతాదు చాలని చికిత్స నుంచే మందులకు లొంగని క్షయ పుడుతుంది. దాని చికిత్సకయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ పరీక్షల వ్యయం స్వల్పం. పాత లైసెన్సులకు గడువు విధించి ఈ పరీక్ష జరిపించాలి. ప్రభుత్వం టెండర్లలో కొనే ప్రతి మిశ్రమ మాత్ర పరీక్షా ఫలితాన్ని, తయారీదారు పేరుతో సహా, బహిరంగపరచాలి.