ఆకుపచ్చ లంగా ఏమైంది?

పిల్లలూ! సినిమాలో మనిషి గాలిలో ఎగిరినా, కోట కూలినా, "అదంతా గ్రాఫిక్సులే!" అని మీరు చప్పున తేల్చేస్తారు. అనడం తేలికే. ఆ పని ఎలా చేస్తారో మొన్నటిదాకా నాకూ సరిగా తెలియదు. ఒక చిన్నపిల్ల ఏడ్చిన మీదట తెలుసుకోవలసి వచ్చింది. ఆ ఏడుపుకు కారణం నేనే గనక, సంగతి మొదటినుంచీ చెబుతాను.

జనగామ దగ్గర ఒక పల్లెటూరి బడిలో నేను హెడ్మాస్టరుగా ఉండి రిటైరయ్యాను. ఇప్పటికీ పిల్లలు పిలిస్తే వెళుతూంటాను. బతుకమ్మ పండుగ ముందు అక్కడి కుర్ర మాస్టరుకు ఒక ఆలోచన వచ్చింది. పిల్లలు బడి ఆవరణలో ఆడుతూంటే ఫోనుతో తీసి, వాళ్ళ వెనక భూపాలపల్లి జిల్లా గణపురంలోని కోటగుళ్ళు ఉన్నట్టు చూపిద్దామన్నాడు. కాకతీయుల నాటి ఆ గుళ్ళ ఫోటోలు ఆయన దగ్గర ఉన్నాయి. "వెనకాల ఒక ఆకుపచ్చ గుడ్డ కడితే చాలు సార్!" అన్నాడు.

గుడ్డ తెచ్చే పని నాది. జనగామ బజారులో "పచ్చగుడ్డ కావాలి," అంటే, దుకాణదారు "పసుపుపచ్చా, ఆకుపచ్చా?" అని ఎదురు ప్రశ్న వేశాడు. మన భాషలో పచ్చ రెండు రంగులకూ పేరు కదా! ఐదు మీటర్ల ఆకుపచ్చ గుడ్డ తెచ్చి గోడకు కట్టించాను. ఏ పిల్ల ఏ రంగు బట్టలు కట్టుకొస్తుందో మటుకు అడగలేదు.

ఏడో తరగతి పిల్ల ఒకతె వాళ్ళమ్మ పెళ్ళి చీరతో కుట్టించిన చిలకాకుపచ్చ లంగా కట్టుకుని వచ్చింది. పండుగ సెలవులకు ముందురోజు తల్లిదండ్రులను పిలిచి టీవీలో వీడియో చూపించాం. కోటగుళ్ళు వచ్చాయి. పిల్లలు వచ్చారు. ఆ పిల్ల మాత్రం నడుముపైన మనిషి, కింద రెండు పాదాలు! మధ్య లంగా ఉండవలసిన చోట గుడి మెట్లు కనబడుతున్నాయి. బతుకమ్మ కింద పేర్చిన ఆకులు కూడా మాయమై, పూలు గాలిలో తేలుతున్నాయి. అందరూ ఘొల్లున నవ్వారు.

"నా లంగ ఏడ పోయింది సారూ?" అని అడిగి, జవాబు వినకుండానే బయటికి పరుగెత్తింది. ఆ సాయంత్రం బతుకమ్మ ఆటకు కూడా రాలేదు.

లంగా ఎందుకు పోయిందో మర్నాటికి నాకు కొంత అర్థమయింది. ఫోనులోని బొమ్మ లక్షలాది చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్కకు మూడంకెలు ఉంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. సాధారణంగా ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉంటుంది. "ఆకుపచ్చ బాగా హెచ్చి, తతిమ్మా రెండూ తగ్గిన చుక్కలన్నీ తీసెయ్యి," అని కంప్యూటరుతో చెబితే అది తీసేస్తుంది. ఇది గుడ్డ, ఇది అమ్మ పెళ్ళి చీర అనే భేదం దానికి తెలియదు. దానికి తెలిసినవి అంకెలే.

మరి అసలు ఆకుపచ్చే ఎందుకు? మొదట్లో వాడింది నీలం. 1940లో వచ్చిన "థీఫ్ ఆఫ్ బాగ్దాద్" చిత్రంలో లారీ బట్లర్ అనే ఆయన నీలి తెర ముందు నటులను తీసి, వాళ్ళను వేరే దృశ్యంలో అతికించాడు. (మైసూరు ప్రాంతపు కుర్రవాడు సాబు అందులో ముఖ్య వేషం వేశాడు.) మనిషి ఒంటి రంగు, తెల్లదైనా నల్లదైనా, నీలానికీ ఆకుపచ్చకూ చాలా దూరం. అందుకని ముఖం మాయమవదు. తరవాత ఫిలిం పోయి డిజిటల్ కెమెరాలు వచ్చాయి. వాటిలో వెలుగును పట్టే చిన్న చిన్న గళ్ళలో, ఎరుపుకూ నీలానికీ ఉన్నదానికి రెండింతలు ఆకుపచ్చకు ఉంటాయి. 1976లో కోడాక్ కంపెనీకి చెందిన బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన ఏర్పాటు అది. ఆకుపచ్చను కెమెరా బాగా చూస్తుంది గనక ఆకుపచ్చ గుడ్డ అలవాటయింది. అంతేతప్ప దానిలో మంత్రమేమీ లేదు.

మన మాయాబజార్ నాటికి ఈ సౌకర్యం లేదు. 1957లో కె. వి. రెడ్డిగారు ఆ చిత్రం తీశారు. మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రాహకుడు. ఘటోత్కచుడు పెళ్ళి వంటలు తినే ఘట్టం మీరు చూసే ఉంటారు. లడ్లు వాటంతట అవే ఎస్. వి. రంగారావుగారి నోట్లోకి వెళతాయి! కంప్యూటరు లేదు గనక ఆ కాలపు పనివాళ్ళు ఎంత చేసినా కెమెరాతో, ఫిలింతో, చేతులతోనే చెయ్యాలి. ఒకే నటుడు ఇద్దరుగా కనబడాలంటే కటకంలో సగానికి నల్ల అట్ట అడ్డం పెట్టి ఒకసారి తీసేవారు. ఫిలిం వెనక్కి తిప్పి, అట్టను రెండో సగానికి మార్చి మళ్ళీ తీసేవారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలిందా, మొత్తం పాడు! తప్పు జరిగినట్టు ఫిలిం కడిగేదాకా తెలిసేది కాదు. మా కుర్ర మాస్టరు తప్పు మాత్రం ఆ రోజే తెలిసింది. దిద్దుకోవడానికి వీలుంది. ఎలా దిద్దాలన్నదే ప్రశ్న.

మహబూబాబాదులో నేను పనిచేసేటప్పుడు నా దగ్గర చదివిన కుర్రవాడొకడు హైదరాబాదులో ఈ పనే చేస్తున్నాడు. దసరాకు ఇంటికి వచ్చాడని తెలిసి, జనగామలో రైలెక్కి వాడింటికి వెళ్ళాను. మా వీడియో చూసి వాడు నవ్వలేదు. "వాట్సాప్‌లో పంపిన్రా సార్ దీన్ని?" అన్నాడు. అవునన్నాను. "అందుకే అంచులు మెట్లుమెట్లుగా ఉన్నయి," అన్నాడు. వీడియోను చిన్నది చెయ్యడానికి ఫోను వెలుగును ప్రతి చుక్కకూ దాచి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున దాస్తుందట. పంపేటప్పుడు ఇంకా నలుగుతుంది. మనమేమో ఆ రంగునే నమ్ముకుని కత్తిరించబోయాం! వైరు పెట్టి ఫోనులోంచి నేరుగా తీసుకోవాలిట.

ఆ తరవాత జుట్టు చూపించాడు. ఎగిరే వెంట్రుక సన్నం. అది పడిన చుక్కలో కొంత వెంట్రుక, కొంత వెనక గుడ్డ ఉంటాయి. తీసేస్తే బోడిగుండు, ఉంచితే ఆకుపచ్చ జుట్టు. దీనికి నాలుగో అంకె ఒకటి కనిపెట్టారు. ఈ చుక్క ఎంత పాలు మన మనిషిదో అది చెబుతుంది. ఇద్దరు శాస్త్రజ్ఞులు, పోర్టర్, డఫ్, 1984లో ఈ లెక్కను చక్కగా సూత్రాలుగా రాశారు. మీరూ చెయ్యగలరు, చూడండి. వెంట్రుక వెలుగు 30, వెనక గుడి రాయి వెలుగు 200, చుక్కలో వెంట్రుక పాలు 40 శాతం అనుకోండి. 30లో 40 శాతం 12. 200లో మిగతా 60 శాతం 120. కలిపితే 132. ఆ చుక్క అంకె అదే. ఇలా ప్రతి చుక్కకూ, ప్రతి రంగుకూ! శాతాలు ఎందుకు సార్ అని తరగతిలో నన్ను విసిగించినవాడే వీడు. ఇప్పుడు వాటితోనే బతుకుతున్నాడు.

గుడ్డ లేకుండా తీసినవాటికి మనిషి చుట్టూ చేత్తో గీత గీసి వేరుచెయ్యాలి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. పది సెకన్లకు 240. కొన్ని బొమ్మలకు గీస్తే నడిమివాటికి యంత్రం గీస్తుందిగాని, వాటినీ ఒక్కొక్కటే చూసి దిద్దాలి. విదేశీ చిత్రాలకు కూడా హైదరాబాదులో ఈ పని చేస్తారు. చేసినవాడి పేరు తెరమీద అన్నిసార్లూ పడదు. "ఈగ" చిత్రానికి 2012వ సంవత్సరపు జాతీయ బహుమతి, "బాహుబలి"కి 2015ది ఈ విద్యలో వచ్చాయి. బహుమతి ఒక పేరు మీద వస్తుంది. గీతలు గీసిన చేతులు ఎన్నో!

సెలవులయ్యాక ఆ పిల్ల ఇంటికి వెళ్ళాను. "తప్పు నాదమ్మా. ఈసారి గుడ్డ నువ్వే ఎంచు," అన్నాను. కాసేపు మాట్లాడలేదు. చివరికి లంగా సంచిలో పెట్టుకుని బజారుకు వచ్చింది. ఒక్కొక్క తానూ లంగా పక్కన పెట్టి చూసి నీలం గుడ్డ తీసుకుంది. ఇంటికి వెళ్ళాక తన చేతివంక చూసుకుని నీలం గాజులు తీసి ఎర్రవి వేసుకుంది. ఆ సంగతి నాకు తట్టనేలేదు సుమా!

మా శిష్యుడు ఫోనులో చెప్పినట్టే అన్నీ చేశాం. గుడ్డను ఇస్త్రీ చేయించాం, మడత ఉంటే నీడపడి రంగు మారుతుంది గనక. పిల్లలను గుడ్డకు ఆరడుగుల ముందు నిలబెట్టాం, దగ్గరుంటే నీలపు వెలుగు తెల్ల గునుగు పూల మీద పడుతుంది గనక. వెలుగు మధ్యలో మారకుండా ఫోనును కట్టడి చేశాం. ఫోటోలో కోటగుళ్ళకు ఎండ ఎడమనుంచి పడుతోంది. అందుకని మా పిల్లల మీద కూడా ఎండ ఎడమనుంచి పడేలా గుడ్డను వేరే గోడకు మార్చాం.

ఒక చిక్కు మిగిలింది. బతుకమ్మను పెట్టింది పెంబర్తి ఇత్తడి తాంబాళంలో. అద్దంలా మెరిసే దాని అంచులో నీలిగుడ్డ కనబడుతోంది. అక్కడ చిల్లులు పడటం ఖాయం. పిల్ల తల్లి అది విని, గుమ్మడాకులు తెచ్చి అంచంతా కప్పేసింది. ఈసారి ఆకులకు భయం లేదు కదా! "నాకు ఒక రాత్రి పని తప్పింది సార్," అన్నాడు మా వాడు. ఉచితంగా దొరికే బ్లెండర్ అనే సాధనంతో ఎలా అతకాలో కుర్ర మాస్టరుకు నేర్పాడు.

బొమ్మ సిద్ధమైంది. లంగా అంచు జరీతో సహా ఉంది. నేను సంతోషించాను. పిల్ల మాత్రం తెరకు దగ్గరగా వచ్చి, "నాకు నీడ లేదు సారూ. దయ్యాలకు గదా నీడ ఉండంది!" అన్నది.

నిజమే. గుడి స్తంభాలన్నిటికీ నీడలున్నాయి, పిల్లలకు లేవు. అతికించిన బొమ్మకే మరో ప్రతి తీసి, నల్లగా నింపి, నేలమీద కుడివైపుకు వాల్చి, పలచన చేస్తే నీడ అవుతుంది. కుర్ర మాస్టరు ఒక సాయంత్రమంతా ఆ పనిమీదే కూర్చున్నాడు. తరవాత బడిలో మళ్ళీ వీడియో వేశారు. ఆ పిల్ల ముందు వరసలో కూర్చుంది.

కంప్యూటరు లేకుండానే మీరు చెయ్యగల అతుకు ఒకటి ఉంది. 1907లో నార్మన్ డాన్ అనే అమెరికావాడు కాలిఫోర్నియాలో శిథిలమైన ప్రార్థనా మందిరాలను సినిమా తీస్తూ, కెమెరా ముందు గాజుపలక నిలబెట్టి, కూలిన భాగాలను దానిమీద రంగులతో గీశాడు. తెరమీద మందిరాలు చెక్కుచెదరకుండా కనిపించాయి. మీరు గాజు వద్దు, గుచ్చుకుంటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని అట్ట చట్రానికి అతికించి, మంచి ఎండలో ఫోనుకు రెండు మూరల దూరంలో నిలబెట్టండి. ఫోనులో చూస్తూ, మీ ఊళ్ళో పైభాగం విరిగిన పాత గుడికో బురుజుకో సరిగ్గా అతికేలా దానిమీద శిఖరం గీయించండి. ఒకరు చూడాలి, ఒకరు గీయాలి. ఫోను అంగుళం కదిలినా శిఖరం గుడిమీంచి జారిపోతుంది. మా పిల్ల కోటగుళ్ళకు వెళ్ళినప్పుడు దాన్ని రెండు ఇటుకల మధ్య బిగించింది.