గరిడిసాలయే ఆరోగ్యశాల

రోగము వచ్చిన పిదప వైద్యుని యింటికి పరుగిడుట మన కలవాటు. రాకుండ కాచుకొనుట మరచితిమి. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన లెక్కలో దేశమున మధుమేహపీడితులు 10 కోట్లకు మించిరి. కూర్చున్న చోటు కదలని జీవనము దీని కొక ముఖ్యకారణము.

నివారణోపాయము మన గ్రామములయందే కలదు. కర్రసాము కలహవిద్య మాత్రమే కాదు. కర్ర త్రిప్పువానికి భుజములు, నడుము, కాళ్లు, దృష్టి ఏకకాలమున పనిచేయును, గుండె బలపడును, అడుగు తడబడదు. చీనావారి తాయిచీ సాధనవలన వృద్ధులు జారిపడుట తగ్గునని శాస్త్రజ్ఞుల పరిశోధనలు తెలుపుచున్నవి. పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల దేహపరిశ్రమ వలయునని ప్రపంచారోగ్య సంస్థ 2020లో నిర్దేశించినది. దినమున కరగంట చొప్పున నైదు దినములు సాము చేసిన నది తీరును.

సాము రౌడీలకే గాని గౌరవస్థుల కేల యని కొంద రాక్షేపింతురు. యౌవనమున కర్ర పట్టుటకు సిగ్గుపడినవాడు వార్ధకమున చేతికర్ర పట్టక తప్పునా?

వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారి బలమును కథలుగా జెప్పుకొనుట చాలదు. పండుగనాటి వేడుకగా మిగిలిన సాము నిత్యకృత్యము కావలెను. వ్యాధి కలవారు వైద్యుని సలహాతో మెల్లగా నారంభింపవచ్చును. భూస్వాములు గరిడిసాలకు జాగా నిత్తురు గాక. పురజనులు గురువునకు జీతము కూర్తురు గాక. రేపు ఆసుపత్రికి చెల్లింపవలసిన దానిలో గొంత నేడే గరిడిసాలకు చెల్లించుట మేలు.