రక్తం మనది, లెక్క ఎవరిది?

ఆరోగ్య సిబ్బంది మన గూడెం వస్తారు. వేలికి సూది గుచ్చి రక్తం తీస్తారు, మలేరియాకో, సికిల్ సెల్‌కో. పేరు, ఆధార్ ట్యాబ్‌లో ఎక్కించుకుని వెళ్లిపోతారు. ఎంతమందికి జబ్బు తేలింది, ఎంతమందికి మందు అందుతోంది అని గ్రామసభలో చదివి వినిపించారా? చింతపల్లిలో అలాంటి సభ ఎక్కడైనా జరిగితే చెప్పండి, నడిచైనా వస్తాను.

పరిశోధన వద్దని ఎవడూ అనట్లేదు. జ్వరాలు ముందు ఏ గూడెంలో మొదలవుతాయో తెలిస్తేనే కదా, వానల ముందే అక్కడ దోమల మందు కొట్టేది! కానీ ఖమ్మం మర్చిపోవద్దు. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం సహా మూడు మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టారు. అందరూ 10 నుంచి 14 ఏళ్లవాళ్లు. ఎందరో హాస్టల్ పిల్లలు. విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం వార్డెన్లది, హెడ్మాస్టర్లది. అమ్మానాన్నలు ఏమయ్యారు? కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణమని తేలలేదన్నారు. సరే, ఒప్పుకుందాం. ఆ టీకా క్యాన్సర్‌ని ఆపేదే, నేను దానికి వ్యతిరేకిని కాదు. అయితే టీకా తర్వాత పిల్లలకేమైందో గమనించి రాసే ఏర్పాటే సరిగా లేదని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. సూది వేసి, తర్వాత ఏం జరిగిందో చూడనిది ఏం పరిశోధన?

మన దగ్గర మరో రకం. డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే బాలింత ప్రాణం పోతే ఆసుపత్రి రిజిస్టర్‌కి ఆమె తెలీదు. చేరినవాళ్లనే లెక్కపెట్టే ఆసుపత్రి, చేరలేనివాళ్ల నుంచి ఏం నేర్చుకుంటుంది? మాతృమరణం జరిగితే ఇంటికొచ్చి అడగాలని, కలెక్టర్ సమీక్షలో కుటుంబం మాట వినాలని కేంద్రం 2010లోనే మార్గదర్శకాలిచ్చింది. మీ ఊళ్లో ఈ సంగతి ఎందరికి తెలుసు? అడగడానికొస్తే "రక్తస్రావం" అని రాసి ముగించనివ్వకండి. గెడ్డ పొంగి ఎన్ని గంటలు ఆగారో కూడా రాయించండి.

1996 పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, ఉద్యోగుల మీద గ్రామసభకూ పంచాయతీకీ అదుపు ఇచ్చింది. ఆశా అక్క మీద అరవకండి, ఆమె మన పిల్లే, ఆమె చేతిలో ఏమీ లేదు. వచ్చే సభకు మెడికల్ ఆఫీసర్‌నే పిలవండి. ఏడాది లెక్క కువిలో, ఆదివాసీ ఒడియాలో చెప్పించండి. మనుషుల పేర్లు మాత్రం చదవనివ్వొద్దు. సికిల్ సెల్ అని తెలిస్తే పెళ్లిళ్లు ఆగిపోయే ఊళ్లు మనవి.