తుక్కా? 145 కోట్లా?

పైకప్పు లేదు. సామాను పెట్టుకునే చోటు లేదు. వానొస్తే తడవాల్సిందే. డ్రైవరు తల వెనక చేప రెక్కలాగా నిలబడ్డ ఓ రేకు. జగిత్యాల బస్టాండు ముందు నిలబెడితే ‘బండి సగమే తయారైనట్టుంది’ అనుకుంటారేమో! 2016 ఆగస్టులో అమెరికాలోని మాంటెరీలో జరిగిన వేలంలో ఈ నీలిరంగు పాత కారు పలికిన ధర 2 కోట్ల 17 లక్షల 80 వేల డాలర్లు. అప్పటి లెక్కన దాదాపు 145 కోట్ల రూపాయలు!

దాని పేరు జాగ్వార్ డి-టైప్. చాసిస్ నంబరు ఎక్స్‌కేడీ 501. పుట్టింది 1955లో, బ్రిటన్‌లో. విమానాల కంపెనీలో పనిచేసి వచ్చిన మాల్కమ్ సేయర్ దీనికి రూపమిచ్చారు. అందుకే ఒళ్లంతా విమానం పోలికలే... అల్యూమినియం రేకులు, రివెట్లు, గాలిని కోసుకుపోయే వంపులు. ఆ రెక్క కూడా సోకు కోసం కాదు, వేగంలో కారు అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచడానికి.

1956లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో 24 గంటల పందెం జరిగింది. జాగ్వార్ కంపెనీ సొంతంగా దింపిన కార్లలో రెండు మొదట్లోనే గుద్దుకుని తప్పుకున్నాయి. మూడోది ఇంజిన్ తిప్పలతో వెనకబడింది. ఇక పని అయిపోయిందనుకుంటున్న వేళ, స్కాట్లండ్‌కు చెందిన ఎకూరీ ఎకోస్ అనే చిన్న జట్టు కంపెనీ పరువు నిలబెట్టింది. రాన్ ఫ్లాక్‌హార్ట్, నినియన్ శాండర్సన్ వంతులవారీగా నడిపి గెలిపించిన కారు ఇదే.

సరే, గెలిచిందనుకుందాం. గెలిచిన కార్లు లోకంలో బోలెడు. దీనికే అంత ధరెందుకు? జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, ఇది ‘అదే కారు’ కాబట్టి. పందేల కారు బతుకు పహిల్వాన్ బతుకు లాంటిది. ఈ ఆదివారం ఇంజిన్ మారుతుంది, వచ్చే ఆదివారం ముందు భాగం నుజ్జవుతుంది. పాతబడ్డాక ఎవరో కొని విడిభాగాలు ఊడదీసుకుంటారు. పైగా 1955 నుంచి అమ్మిన డి-టైప్‌లలో ఇంజిన్ మోసే ముందు ఫ్రేమును నడిమి పెట్టెకు బోల్టులతో బిగించేవారు. బోల్టులు విప్పితే కారు రెండు ముక్కలు! ముందు ముక్క ఒకరి దగ్గర, నడిమి ముక్క ఇంకొకరి దగ్గర చేరి, ఇద్దరూ మిగతాది కొత్తగా కట్టుకుంటే... ఒకే నంబరుకు ఇద్దరు వారసులు. అలాంటి తగాదాలు ఈ లోకంలో కొత్తేం కాదు. 501 మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది.

అందుకే ఇలాంటి కారును బాగుచేసేవాళ్ల తీరే వేరు. దెబ్బతిన్న రేకును తీసి అవతల పడేయరు. రెండు ఉక్కు చక్రాల మధ్య ముందుకూ వెనక్కూ నడిపిస్తూ పాత వంపును తిరిగి తెస్తారు. మార్చక తప్పకపోతే మార్చిన ముక్కను దాచిపెడతారు. పాత ఫొటోలు, పందేల రికార్డులు, అమ్మకం కాగితాలు అన్నీ ఒక ఫైలు. అమ్మేటప్పుడు ఆ ఫైలు బరువే ధర. 2017లో అదే మాంటెరీలో 2 కోట్ల 25 లక్షల 50 వేల డాలర్లకు పోయిన ఆస్టన్ మార్టిన్ డీబీఆర్1 సంగతే చూడండి. నడపడానికి అందులో బిగించింది కొత్తగా చేసిన నకలు ఇంజిన్. అసలు ఇంజిన్‌ను విడిగా భద్రపరిచి కారుతోపాటు అప్పగించారు!

ఇంతకంటే వింత ఇంకోటుంది. డి-టైప్‌నే రోడ్డు మీద తిరిగేలా మార్చి ఎక్స్‌కేఎస్‌ఎస్ పేరుతో 25 కార్లు తేవాలనుకున్నారు. 1957 ఫిబ్రవరిలో జాగ్వార్ ఫ్యాక్టరీకి నిప్పంటుకుని తొమ్మిది బూడిదయ్యాయి. దాదాపు అరవై ఏళ్ల తర్వాత కంపెనీయే ఆ తొమ్మిదింటినీ పాత పద్ధతిలో మళ్లీ కట్టి, ఒక్కోటి పది లక్షల పౌండ్లకు పైనే అమ్మింది.

ఈ జాగ్వార్ల చుట్టం ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉంది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం వాహనాల్లో మార్క్ ఫైవ్ జాగ్వార్ ఒకటి. చూస్తే పెద్దమనిషి కారు, పందేలకూ దానికీ ఆమడ దూరం. కానీ 1948లో దాని చాసిస్‌నే పొట్టి చేసి ఎక్స్‌కే 120 అనే స్పోర్ట్స్ కారు చేశారు. అందులోంచి సి-టైప్, ఆ తర్వాత డి-టైప్ వచ్చాయి. చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ అంతకంటే పెద్దది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికి ఆర్డరిచ్చారు. కారు చేరకముందే 1911లో కన్నుమూశారు. ఇలాంటివి నవాబుల ఇళ్లలో ఉన్నాయి కాబట్టి మిగిలాయి.

మరి మామూలు ఇళ్లలోవి? పాత యంత్రాన్ని బతికించడం మనవాళ్లకు రాని విద్యేం కాదు. సిరిసిల్లలో సాంచా మొరాయిస్తే జాబర్ వచ్చి ఏదో ఒక ముక్క వేసి నడిపించేస్తాడు. బట్ట దిగితే చాలు, ముక్క ఎక్కడిదని ఎవరూ అడగరు. పాత కార్లకు మాత్రం ఈ చాకచక్యమే శత్రువు. అంబాసిడర్‌కు డీజిల్ ఇంజిన్ ఎక్కించడం, జీపు బాడీ కోసి పెంచడం, పాత రేకు మీద మెరిసే కొత్త రంగు కొట్టించడం... నడవడానికి నడుస్తాయి, కానీ ‘అదే కారు’ అనిపించుకోవు.

కోరుట్లలోనో చుట్టుపక్కల ఊళ్లలోనో ఏ పశువుల కొట్టంలోనైనా స్టాండర్డ్ హెరాల్డ్ దుమ్ముకొట్టుకుని ఉంటే తేలిగ్గా చూడకండి. 1961 నుంచి మద్రాసులో తయారైన ఆ కారు బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్‌కు తోబుట్టువు. హెరాల్డ్ చాసిస్ మీదే స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును కట్టారు. అది 1965 లె మాన్స్‌లో తన తరగతిలో గెలిచింది. కోట్లు రావు లెండి, ఆశపడొద్దు. కానీ తూకానికి వేయాల్సిన సరుకూ కాదు.

2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కార్లకు, రెండు చక్రాల బళ్లకు ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. రుసుము 20 వేలు, గడువు పదేళ్లు, తర్వాత పొడిగింపునకు 5 వేలు. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలుంటాయి. రోజూ తిప్పుకోవడానికి, కిరాయికి కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు బయటికి తీయొచ్చు. షరతు ఒకటే గట్టిది. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. తాతగారి ట్రంకు పెట్టెలో పాత ఆర్‌సీ ఉందేమో వెతికి, ఇంజిన్ గదిలో రివెట్లతో బిగించిన నంబరు పలకతో సరిపోల్చుకోవడం మొదటి పని. రంగు సంగతి ఆ తర్వాత.