ఊరికే కూర్చున్నారు గదా!

ఉద్యోగం చేసేవాడికి ఆదివారం ఉంది. పండగ సెలవుంది. తలనొప్పి వస్తే క్యాజువల్ లీవుంది. ఇవేవీ లేనివాడు లోకంలో ఒక్కడే, పెన్షను పుచ్చుకునేవాడు. ఈ మాట వేళాకోళానికి అనడం లేదు. మొన్న జనవరిలో ఒక శనివారం లెక్కకట్టి మరీ తెలుసుకున్నాను.

మా నాయన హోసూరు తాలూకాలో తెలుగు పంతులుగా పనిచేసి 2009లో రిటైరయ్యారు. ఆయన అక్క, అంటే మా అత్త, కుప్పంలో ఉంటుంది. అత్తకు ఈమధ్య చెవి బొత్తిగా వినబడటం లేదు. ఫోనులో ఎంత అరిచినా "ఆఁ? ఏమి?" అనడమే. కళ్ళు మాత్రం బాగున్నాయి. అందుకని ఆమెకు ఉత్తరం రాయాలని సంక్రాంతికి ముందునుంచీ అనుకుంటున్నారు నాయన. ఆ శుక్రవారం రాత్రి కాగితాలూ కలమూ సర్దుకుని, "రేపు నేను ఇంట్లో లేననుకోండి" అని ప్రకటించారు.

ఆఫీసుకు వచ్చిన కాగితమల్లా రిజిస్టరులో ఎక్కించడం నా వృత్తి. ఈ నెల పేజీకి సరుకు దొరుకుతుందనే ఆశతో, మరునాడు నాయన దగ్గరికి వచ్చిన ఆటంకాలన్నీ టైముతో సహా ఒక నోటుబుక్కులో ఎక్కించాను. చిత్తగించండి.

ఎనిమిదిన్నర. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మనది. జనవరి చలి మీకు తెలిసిందే. నాయన శాలువా కప్పుకుని వసారాలో ఎండపొడకు కూర్చుని కలం తీశారు. ఆ రోజు తొమ్మిదింటికల్లా కరెంటు తీసేస్తామని ముందే చెప్పి ఉన్నారు. మోటరు వేశాము. ట్యాంకు నిండిందో లేదో మేడమీదికెళ్ళి చూసి వచ్చారు.

తొమ్మిది. ఫోను. "సార్, మీకు అయిదు లక్షల లోను మంజూరైంది." నేను అడగలేదంటారు నాయన. అడగకపోయినా ఇస్తామంటుంది ఆ అమ్మాయి. ఇటువంటి అమ్మకపు పిలుపులు 140తో మొదలయ్యే నంబర్లనుంచి రావాలనీ, వద్దనుకునేవాళ్ళు 1909కు చెప్పి పేరు నమోదు చేసుకోవచ్చుననీ నిబంధన. నమోదు చేసుకోవడానికి తీరిక దొరకాలి గదా!

తొమ్మిదిన్నర. గ్యాసు సిలిండరు. ఫోనుకొచ్చిన నంబరు చెప్పనిదే దించనన్నాడు. కళ్ళద్దాలు వెతికి, నంబరు వెతికి, చిల్లర వెతికారు.

పది. మా ఇంటావిడ నానబెట్టిన అనపగింజల గిన్నె తెచ్చి ముందు పెట్టింది. "మామయ్యా, ఊరికే కూర్చున్నారు గదా, కాస్త పితికి పెట్టండి." పితికిపప్పు చారు ఎంత రుచో, ఆ గింజల తోలు ఊడదీయడం అంత ఓపికపని.

ముప్పావు తక్కువ పదకొండు. పక్కింటాయన దరఖాస్తు ఫారంతో వచ్చాడు. "నేను పుట్టింది ఈ వీధిలోనే, 1958లో. పుట్టిన జిల్లా ఏమని రాయాలి?" 1965 దాకా మనది సేలం జిల్లా, అటుతర్వాత ధర్మపురి, 2004 లగాయతు కృష్ణగిరి. ఊరు ఉన్నచోటనే ఉంది, జిల్లాలే వచ్చిపోయాయని నాయన ముప్పావు గంట వివరించారు. ఈ ఒక్క ఆటంకం ఆయనకు సంతోషమే ఇచ్చిందని నా అనుమానం.

పదకొండున్నర. మనవడి బడి పనికి అట్ట కత్తిరించడం.

పన్నెండు. వీధి చివర ఏదో వేడుక, మైకు. ఇళ్ళుండే చోట పగటిపూట శబ్దం 55 డెసిబెల్సు దాటరాదని కేంద్ర ప్రభుత్వం 2000లో నిబంధనలు తెచ్చింది. మైకుకు చదువు రాదు. ఆ పాటలకు మా గాజు అలమారు కూడా తాళం వేసింది.

రెండు. బీమా రశీదు కనబడలేదు. నాయన పెట్టె అంతా దించి వెతికి పెట్టారు.

నాలుగు. పెరుగు అయిపోయింది. అంగడికి వెళ్ళి వచ్చారు.

సాయంత్రం మొత్తం కూడాను. తొమ్మిది ఆటంకాలు. బయటివి నాలుగు: లోను, గ్యాసు, పొరుగు, మైకు. వాటిమీద ఘాటుగా ఒక పేజీ రాద్దామని కలం తీసినవాణ్ణి తతిమ్మా అయిదింటి దగ్గర ఆగిపోయాను. అవి ఇంటివి. ఆ అయిదింటిలో ట్యాంకు, రశీదు, పెరుగు, ఈ మూడూ నావి. సెలవు రోజున పక్కనే కూర్చుని రిజిస్టరు రాసుకుంటున్న నేను, "నాయనా, ఊరికే కూర్చున్నారు గదా" అని మూడుసార్లు ఆయన్ను లేపాను. మైకువాడైనా ఒక్కసారే లేపాడు.

వసారాలో బల్లమీద ఉత్తరం ఉంది. ఒకటిన్నర వాక్యం. "అక్కకు నమస్కారములు. ఈ దినం కొంచెం తీరిక దొరికినందున"

ముప్పయ్యేళ్ళకు పైగా బడిగంట ప్రకారం నడిచిన మనిషి. గంట మోగడం ఆగిపోయింది గనుక ఆయన కాలమంతా ఇంటిల్లిపాదికీ ఉమ్మడి సొత్తని మేమే తీర్మానించుకున్నాము. ఆయన నోరు తెరిచి కాదనలేదు. కాదనలేదు గనుక ఇష్టమేననుకున్నాము.

మరుసటి శనివారం నాయన ఫోను నా జేబులో పెట్టుకున్నాను. తలుపు కొట్టినవాళ్ళకు నేనే పలికాను. పెరుగు నేనే తెచ్చాను. మధ్యాహ్నానికి ఉత్తరం నాలుగు పేజీలు అయింది. నేనే పోస్టు చేశాను.

మీ ఇంట్లోనూ పెన్షనుదారు ఉంటే, ఒక్క రోజు ఇలా రిజిస్టరు రాసి చూడండి. బయటివాళ్ళ పద్దు రాసినంత శ్రద్ధగా మీ పద్దూ రాయండి. ఆ శనివారం అనపగింజలు కూడా నేనే పితికాను. బొటనవేలు ఇంకా నొప్పే.