గడప దాటని తప్పులూ ఓటరుకు తెలియాలి

నాయకుల కుటుంబ జీవితం వారి సొంత విషయమని, ఓటరు వారి పనితీరు ఒక్కటే చూడాలని మీ ఆదివారం వ్యాసం తేల్చేసింది. మన ఎన్నికల చట్టం అలా అనుకోలేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ ప్రకారం భార్యను హింసించిన నేరం, అంటే 2024 వరకు ఐపీసీ 498ఎగా ఉన్నది, రుజువైతే చాలు, కేవలం జరిమానా పడినా ఆరేళ్లు పోటీకి అనర్హుడు. వరకట్న నిషేధ చట్టం కింద ఆరు నెలలకు తగ్గని జైలుశిక్ష పడినా అనర్హతే. ఇంట్లో చేసిన దౌర్జన్యం చట్టసభలో కూర్చునే అర్హతనే పోగొడుతుందని పార్లమెంటే ఒప్పుకున్నాక, అలాగే ఆలోచించే ఓటరును ఎలా తప్పుపడతారు? ఆస్తుల సంగతీ అంతే. 2002లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే అభ్యర్థులు జీవిత భాగస్వామి, తమపై ఆధారపడినవారి ఆస్తులు కూడా ప్రకటిస్తున్నారు. అయినవాళ్ల పేర్ల మీద ఆస్తులు పెట్టడం మన దగ్గర కొత్తేమీ కాదు మరి.

కుటుంబ విషయాలకు ఈ తలుపు తెరిస్తే పుకార్లు రాజ్యమేలతాయని, ముందు బలయ్యేది మహిళా నేతలేనని వ్యాసకర్త అంటున్నారు. ఆ భయం నిజమైనదే. విడాకులు, పునర్వివాహాల మీద వేదికలెక్కి నోరు పారేసుకోవడం నీచం. అభ్యర్థికీ గోప్యత హక్కు ఉందని, ఓటర్లకు సంబంధం లేని ప్రతి వివరమూ బయటపెట్టనక్కర్లేదని 2024లో కరిఖో క్రి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అయితే ఎవరికైనా హాని జరిగిందా, చట్టం తప్పారా, నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రంలో (ఫారం 26లో) అబద్ధమాడారా అన్నవి ఆ గోప్యత కిందికి రావు. ఎన్నికల వేళ అభ్యర్థుల ఫారం 26 వివరాలను మీ పత్రిక నియోజకవర్గాలవారీగా, సామాన్యులకు అర్థమయ్యేలా ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక ఓటరు, తెనాలి