బరువు ఎంత కాదు, ఎక్కడ?

బదిలీ ఉత్తర్వు రాగానే మనం గోల్‌బజార్‌కు పరుగెత్తి తాళ్లు, అట్టపెట్టెలు కొంటాం. పికప్ బండిలో సామాను ఎక్కించే పని మాత్రం వచ్చినవాళ్లకు వదిలేస్తాం. అది సరికాదని మా అభిప్రాయం.

బీరువా, పుస్తకాల పెట్టెలు వెనక అంచున పెడితే ఏమవుతుంది? సైన్సులో చదివిన మీటను గుర్తు చేసుకోండి. వెనక ఇరుసు ఆధార బిందువు. దాని అవతల బరువు పడితే బండి వెనక్కి కుంగి, ముందు చక్రాలు తేలికవుతాయి. మలుపు తిప్పేవి ఆ చక్రాలే. బ్రేకు పట్టులో ఎక్కువ భాగమూ వాటిదే.

అమెరికాలో పికప్ వెనక ట్రైలర్ తగిలించేవారికీ ఇదే చిక్కు. సాధారణంగా ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. 2,000 కిలోల ట్రైలరైతే 200 నుంచి 300 కిలోలు. తక్కువైతే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. ఆ భారానికి బండి వెనక కుంగితే, లేదా బండి పుస్తకంలో రాసిన హద్దు దాటితే, బరువును పంచే ప్రత్యేక కొక్కెం బిగిస్తారు. దాని స్ప్రింగు కడ్డీలు కొంత భారాన్ని ముందు చక్రాలకూ, ట్రైలర్ చక్రాలకూ మళ్లిస్తాయి. అంతేకానీ బండి మోయగల బరువును పెంచవు.

మన సామాను బండికి ఆ కొక్కెం ఉండదు. పంచాల్సింది మన చేతులే. బరువైనవి అడుగున, క్యాబిన్ వైపు, రెండు పక్కలా సమంగా ఉండాలి. మిగిలితే రెండో ట్రిప్పు వేయాలి. "పోయినసారి ఏమీ కాలేదుగా" అని నాన్నగారు అన్నా సరే, బండి కదిలేముందు వెనక కుంగిందేమో మీరు చూసి చెప్పండి.